గలగల ఎవరి మాట?

తెలుగు పండితుడిగా పనిచేసి, ఇప్పుడు పలమనేరు దగ్గర సేద్యం చూసుకుంటున్న తాత. బెంగళూరులో భాషాశాస్త్రం చదువుతున్న మనవరాలు. చెనిక్కాయలు (వేరుశనగకాయలు) ఎండబోసిన కళ్ళంలో ఇద్దరి మధ్య నడిచిన సంవాదం ఇది.

మనవరాలు: తాతా, ఇంగ్లీషులో ‘ర్యాటిల్’ అనే మాట ఉంది. గట్టి వస్తువులు వదులుగా ఉండి, కదిలినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి చేసే చప్పుడు అది. మధ్యకాలపు ఇంగ్లీషులో ‘రాటెలెన్’ అనేవాళ్లు. డచ్చి భాషలో ఇప్పటికీ ‘రాటెలెన్’ ఉంది. చప్పుడును అనుకరిస్తూ పుట్టిన మాట కావచ్చని నిఘంటుకారులు అంటారు.

తాత: ఈ కాయ చెవి దగ్గర పెట్టుకోని ఊపు. ఏమంటా ఉండాది?

మనవరాలు: గలగలమంటోంది.

తాత: వాళ్లకు రకారం, టకారం వినపడినాయి. నీకు గకారం, లకారం. చప్పుడు ఒకటే కదా?

మనవరాలు: అక్కడే నాకు అనుమానం. మాటకూ అర్థానికీ సహజ సంబంధం లేదన్నాడు భాషాశాస్త్రవేత్త సొస్యూర్. 1916లో అచ్చయిన ఆయన పాఠాల్లో, చప్పుడును అనుకరించే మాటల్లో కూడా అలవాటు పాలు ఉందనే చెప్పాడు.

తాత: ఆ వాదం మనకు పాతదే. ‘కాక’ అనే పేరు కాకి కూత నుంచి వచ్చిందనీ, పక్షుల పేర్లలో ఇట్లాంటివి ఎక్కువనీ నిరుక్తంలో యాస్కుడు చెప్పినాడు. అనుకరణ అనేదే లేదని ఔపమన్యవుడు కాదన్నాడు. ఆ మాట కూడా యాస్కుడే రాసిపెట్టినాడు.

మనవరాలు: ప్లేటో ‘క్రాటిలస్’లోనూ ఇదే చర్చ. రకారం కదలికను చూపుతుందంటాడు సోక్రటీసు. ‘ర్యాటిల్’కు అది సరిపోతుంది. మన గలగలలో రకారమే లేదు!

తాత: కౌండిన్య అడవిలోంచి ఏనుగులు చేలమీదికొస్తే మనోళ్లు డబ్బాలు కొడతారు. ఆ మోత ఏనుగుకూ వినపడుతుంది, మనకూ వినపడుతుంది. అదే నువ్వు గట్టుమీద నిలబడి మెల్లిగా ‘డబడబ’ అను, ఏనుగు లెక్కచెయ్యదు. ‘పైచేలో డబడబా కొడతా ఉండారు’ అని మీ చిన్నాయనకు చెప్పు, టార్చిలైటు తీసుకోని లేస్తాడు.

మనవరాలు: అంటే చప్పుడు ప్రకృతిది, మాట మనుషులది.

తాత: అంతగా తెగ్గొట్టొద్దమ్మా. ఈ కాయ చప్పుడుకు ‘మమమ’ అని పేరు పెడితే నీ చెవి ఒప్పుకుంటుందా? కొన్ని అక్షరాలను చప్పుడే కాదంటుంది. మిగిలిన వాటిలో ఏవి తీసుకోవాలో కలిసి బతికే మనుషులు తేల్చుకుంటారు.

మనవరాలు: కలిసి బతకడమంటే గుర్తొచ్చింది. తమిళులు ‘కలకల’ అంటారు, కన్నడిగులు ‘గలగల’ అంటారు. ఇలాంటి జంటమాటలను భారతదేశంలో వేర్వేరు కుటుంబాల భాషలు కూడా పంచుకున్నాయని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో ఒక వ్యాసంలో చూపాడు. ఇరుగుపొరుగు భాషలు మాటలు పంచుకుంటాయనడానికి మూడు భాషలూ వినిపించే పలమనేరులో వేరే రుజువు అక్కర్లేదు.

తాత: ఇంకొకటి చూడు. బిగింపు సడలిన బండి లొడలొడమంటుంది. ఆపకుండా వాగేవాణ్ణి కూడా లొడలొడా వాగుతాడంటాం.

మనవరాలు: ఇంగ్లీషులోనూ అంతే! ఆగకుండా మాట్లాడటాన్ని ‘ర్యాటిల్’ అంటారు. తెలుగువాళ్లు వాళ్లకు నేర్పలేదు, వాళ్లు మనకు నేర్పలేదు.

తాత: అక్షరాలు వేరైనా అనుభవం ఒకటే. పట్టు తప్పిందే ఎక్కువ మోగుతుందని ఇద్దరూ కనిపెట్టినారు. ఇంక ఈ కాయ సంగతి. గింజ పచ్చిగా ఉంటే మోగదు. ఆరి, పొట్టును వదిలితేనే గలగలమంటుంది. ఆరకముందే మూట కడితే బూజు పడుతుంది.

మనవరాలు: ఆ బూజు నుంచే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది.

తాత: కుమ్మరి కూడా కుండను వేలితో కొట్టి చూస్తాడు. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. పగులుంటే ఖంగుమనదు. ఆ ఒక్క మాట తెలిసినోడికి కొనాలో వద్దో తెలిసిపోతుంది.

వాళ్ల సంవాదంలో నాకు తేలింది ఇది. చప్పుడు మాటలు ప్రకృతి చేతిలోనూ పూర్తిగా లేవు, మనిషి ఇష్టానికీ పూర్తిగా లొంగవు. ఒక జనం తరతరాలుగా చెవి పెట్టి విన్నదాని ఫలితం అవి. వాటిని చంటిపిల్లల పలుకులని పక్కన పెడితే, కాయ ఎండిందో లేదో, కుండ కాలిందో లేదో చెప్పే తెలివిని కూడా పోగొట్టుకుంటాం. మీ ఊళ్లో ఏ చప్పుడును ఏమంటారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ మాటను, దాన్ని వాడే పనితో సహా రాసిపెట్టండి. పిల్లల చేత పలికించండి.