పడమటి గోడకు కుండీలు వద్దమ్మా

అమ్మాయీ, షార్జాలో విల్లా అద్దెకు తీసుకున్నామనీ, బయటి గోడలకు ఇనుప లతలు బిగించి పూలకుండీలు వేలాడదీస్తామనీ నువ్వు చెబితే నా మనసు నిండిపోయింది. దారిన పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి చూసేలా ఇల్లుండాలన్న ముచ్చట మంచిదే. కానీ గోడకు డ్రిల్లు పెట్టేముందు, ఏ గోడ మీద ఎండ ఎంతసేపు నిలుస్తుందో ఓ రోజంతా చూడు తల్లీ.

పడమటి గోడకు మాత్రం కుండీలు కట్టకు. జూన్ నుంచి ఆగస్టు దాకా షార్జాలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు కాగిన రేకు కుండీలో ముందు వేళ్లు ఉడికిపోతాయి. మట్టి తడిగా ఉన్నా మొక్క వాలిపోతుంది. దాహమేమో అనుకుని మనం ఇంకా నీళ్లు పోస్తాం, అది కాస్తా కుళ్లిపోతుంది. ఆ గోడను లోహానికే వదిలెయ్యి. జాలీలా కోయించిన పలకను గోడకు నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టిస్తే, సాయంత్రం దాని నీడే గోడ మీద ముగ్గు వేస్తుంది. కుండీలకు ఉత్తరం గోడ మేలు, తర్వాత తూర్పు.

లోహం విషయంలో డబ్బుకు వెనకాడకండి. సముద్రపు ఉప్పుగాలికీ, రాత్రి చెమ్మకూ మామూలు ఇనుము ఆగదు. ముందుగా వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు పొక్కులు లేస్తుంది, తర్వాత అక్కణ్ణుంచి ఎర్రటి చారలు గోడ మీదికి కారతాయి. పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం అడగండి. రంధ్రాలన్నీ కోటింగ్‌కు ముందే వేయించండి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే ఉండాలి. అక్కడ చాలా ఇళ్ల గోడలు బోలు సిమెంటు ఇటుకలవి. తడిసిన కుండీల బరువంతా స్క్రూల మీద వేలాడనివ్వక, నేల మీద నిలిచే స్టాండు చేయించండి.

నమూనా కోసం పాత పేటల్లో ఎమిరాతీల ఇళ్ల ఇనుప గేట్లు చూసిరండి. కాఫీ కూజా, ఖర్జూరపు చెట్టు ఎంత ఇంపుగా తీర్చారో! వాటి పక్కన నువ్వు ముచ్చటపడే నెమలి బొమ్మ కూడా చక్కగా కుదురుతుంది.

మొక్కలకు దుబాయి వర్సాన్ నర్సరీలకు వెళ్లండి. ఎడారి గులాబీ అరేబియా నేలలోనే పుట్టిన మొక్క, కాగితం పూలు ఎండను ఇష్టపడతాయి. పెటూనియాలు చలికాలానికే. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుండు. కుండీల కింది పళ్లేల్లో మాత్రం నిలవనివ్వకు, దోమలు గుడ్లు పెడతాయి. కరివేపాకును వంటింటి గుమ్మం పక్కన నీడ పట్టునే ఉంచు.

ఇంటి యజమాని దగ్గర అనుమతి రాతలో తీసుకోమని అల్లుడితో చెప్పు. ఈలోగా గోడలు కొలిచి పెట్టుకోండి. అక్టోబరు చివర, ఎండ తగ్గాక పని మొదలుపెట్టండి.