ప్రసవ సెలవు: ఎవరి హక్కు?

ఉద్యోగం చేసే సోదరీమణులు చాలామంది నొప్పులు వచ్చేదాకా పనికి వెళ్తారు. సెలవులో ప్రతి రోజునూ పుట్టబోయే బిడ్డ కోసం దాస్తారు. మన దేశంలో చట్టం వర్తించే సంస్థల్లో 2017 నుంచి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతన సెలవు ఉంది. అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు.

దాచుకోవడం త్యాగమే. అయితే కడుపులోని బిడ్డకూ, ఆ బిడ్డను మోసే దేహానికీ హక్కు లేదా? హాని భయముంటే గర్భిణి రమజాన్ ఉపవాసాన్నే వాయిదా వేసుకోవచ్చు కదా! వెసులుబాటును స్వీకరించడం బలహీనత కాదని మనం గ్రహించాలి.

ఒంట్లో బాగుండి, పని తేలికైతే చివరిదాకా చేయడంలో తప్పులేదు. రక్తపోటు పెరిగినా, గంటల తరబడి నిలబడాల్సి వచ్చినా వైద్యుల సలహాతో ముందే ఆగడం మేలు. ఆ సెలవు ఇంటిచాకిరీతో నిండకుండా చూడటం భర్త, అత్తమామల బాధ్యత.