శ్రమదానము - దాని జమాఖర్చు

ధనమిచ్చుట దానమని అందరును ఒప్పుకొందురు. అన్నమిచ్చుట, వస్త్రమిచ్చుట, విద్య నేర్పుట దానములే. మరి ఒకడు తన చేతుల కష్టమును కూలి పుచ్చుకొనక పరులకిచ్చినచో అది దానమగునా? అగునని వెంటనే చెప్పుట సులభము. కాని సరకును చేతిలోకి తీసుకొని చూడక ధర చెప్పు వర్తకుడు లేడు. ఈ ప్రశ్నను కూడ అట్లే పరిశీలింపవలసి యున్నది.

నేడు కొందరు యువకులు దూరపు దీవులకు పోయి తెరచాప ఓడలపై కళాసీలుగాను, అచ్చటి పొలములలో సహాయకులుగాను పనిచేయుదురు. జీతముండదు. దినమునకు కొన్ని గంటల పనికి బదులుగా భోజనము, పడక లభించును. ఇది క్రొత్త సంగతి కాదు. 1971లో ఇంగ్లండునందు స్యూ కోపర్డ్ అను కార్యదర్శిని, పట్టణవాసులు వారాంతములలో సేంద్రియ వ్యవసాయ క్షేత్రములకు పోయి పనిచేయు ఏర్పాటు ప్రారంభించెను. అది తరువాత అనేక దేశములకు వ్యాపించెను. అంతకుముందే, 1920లో, స్విట్జర్లాండువాసి పియేర్ సెరెసోల్ మొదటి ప్రపంచ యుద్ధములో పాడైన ఒక ఫ్రెంచి గ్రామమును బాగుచేయుటకు పలు దేశముల వారిని కూర్చెను. 1934లో బీహారున భూకంపము వచ్చిన పిమ్మట ఆయన మన దేశమునకు వచ్చి, ముంపునకు గురియైన పల్లెల వారికి మెరక భూమిలో ఇండ్లు కట్టు పనిలో పాల్గొనెను.

ఇక లెక్క చూతము. ధర్మాబాదు మిర్చి వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. బస్తాలు మోయు హమాలీకి ఆనాటి కూలియే ఆనాటి పొయ్యి. పదిమంది విద్యార్థులు సేవాభావముతో వచ్చి ఒక నెల ఉచితముగా బస్తాలు దించిరనుకొందము. వర్తకునకు కూలి మిగులును. విద్యార్థులకు తృప్తి మిగులును. హమాలీ ఇంటిలో మాత్రము పొయ్యి వెలుగదు. అనగా ఆ దానమును ఇచ్చినవాడు నిజమునకు హమాలీ. అతనిని అడిగినవారు లేరు. దీవిలోని పొలమైనను ఇంతే. అచ్చట కూలివాడుండగా, వాని పనిని పరదేశి ఊరకే చేసినచో అది దానము కాదు, ఒకరి జీవనమును తీసి మరొకరికి లాభము చేకూర్చుట.

రెండవ సంగతి. దీవికి పోవువాడు తాను ఇచ్చుటకు పోవుచున్నానని తలచును. కాని పడవ యెక్కిన క్షణమునుండి వాడు అప్పులోనే యుండును. ధర్మాబాదు ప్రాంతమును తడిపి పోవు గోదావరియే సముద్రమును చేరుచోట లంకలను ఏర్పరచినది. ఆ లంకల పొలములకు పోవు కూలీలు పడవ యెక్కి ఏరు దాటుదురు. పడవలో పని తెలిసినవాడు చేయి, తెలియనివాడు బరువు. సరంగు వానికి తాడు పట్టుట నేర్పవలెను, ఒడ్డున గృహిణి వానికి వండిపెట్టవలెను, రైతు తన పని ఆపి కలుపేదో పైరేదో చూపవలెను. మొదటి దినములలో దానము చేయుచున్నది దీవివారే. నేర్చిన పని చేతికి వచ్చువరకు నిలిచినవాడు అప్పు తీర్చును. వారము దినములకే మూట కట్టినవాడు బాకీదారుగానే వెనుకకు వచ్చును.

అయితే నిజమైన శ్రమదానము లేదా? ఉన్నది. కృష్ణానది రెండుపాయల నడుమ దివిసీమ యున్నది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెనలలో సుమారు 10,000 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. పొలములలో ఉప్పునీరు నిలిచెను, త్రాగునీరు చెడెను, దారులు తెగిపోయెను. అప్పుడు దూరప్రాంతముల నుండి వచ్చిన స్వచ్ఛంద సేవకులు శవములను వెదకి అంత్యక్రియలు జరిపిరి, అన్నము, నీరు మోసిరి. ఆ పనికి కూలి చెల్లించు స్థితిలో బాధితులు లేరు. ఎవని కూలియు పోలేదు. దూరము పోవుటకు అచ్చట కారణముండెను.

దూరమన్నప్పుడు శ్రావకుల దిగ్వ్రతము జ్ఞప్తికి రాకమానదు. ఏ దిక్కున ఎంత దూరము పోవచ్చునో హద్దు కట్టుకొనుట ఆ వ్రతము. దాని భావము కదలవద్దని కాదు, కోరిక వెంట కాళ్లను పోనీయవద్దని. దీవికి పోవువాడును తన్ను తాను అడుగుకొనవలెను: తన్ను పిలిచినది అచ్చటి అవసరమా, లేక సముద్రమును చూడవలెనను వేడుకయా? వేడుక పాపము కాదు. కాని దానిని సేవ ఖాతాలో వ్రాయరాదు.

ఇంకొక మాట కలదు. నాగలి క్రింద ప్రాణులు నలుగునని సేద్యమును విడిచిన కుటుంబములు వ్యాపారమున స్థిరపడినవి. సేద్యము విడిచిరి గాని అన్నము విడువలేదు. నలిగిన ప్రాణుల లెక్క రైతు తలపై పెట్టి, ధాన్యము మాత్రము తాము కొనుట న్యాయమా? మిర్చిని బస్తాగా ఎరిగినవానికి, ఎండలో కాయ కోసిన చేతి మంట తెలియదు. ఒక కోతకాలము చేనిలో నిలిచినచో తెలియును. అట్లు తెలిసినవాడు తూకము వద్ద రైతుతో వేరుగా మాట్లాడును. అది శ్రమదానములో పోయినవానికి వచ్చు లాభము. దానిని దాచక జమ వైపున వ్రాసికొనవలెను.

కనుక పోదలచిన యువకులు తప్పక పోవచ్చును. పోవుటకు ముందు మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుట మంచిది. తన పని వలన ఎవని కూలియైన పోవునా? పని నేర్చి, తిన్న అన్నమునకు సరిపోవువరకు అచ్చట నిలువగలడా? సరంగు మాటకు, రైతు మాటకు లోబడి యుండగలడా? మూడింటికిని తగిన సమాధానము దొరికినచో దీవి దూరము కాదు. దొరకనిచో, ఊరి చివర చేనిలోనే మొదటి పాఠము ప్రారంభించుట మేలు.