భూకంపంలో దైవం వంతు

భూకంపానికి జరిగే నష్టంలో దైవం వంతు ఎంత, మనిషి వంతు ఎంత అన్నది పాత ప్రశ్నే. 1934 జనవరి 15న బీహార్‌ను కుదిపేసిన భూకంపం అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ అన్నారు. భౌతిక కారణాలతో వచ్చిన విపత్తుకు నీతిని ముడిపెట్టడం తగదని రవీంద్రనాథ్ టాగూర్ ఖండించారు. అస్పృశ్యత గురించి గాంధీజీ పడ్డ వేదనను శంకించనక్కర్లేదు. అయినా ఈ వాదంలో న్యాయం టాగూర్ పక్షానే ఉంది. పాపం చేసినవారిని, ఆ పాపానికి బలైనవారిని భూకంపం వేరుచేసి చూడదు.

ఏ పని జరగడానికైనా ఐదు కారణాలుంటాయని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది: అధిష్ఠానం (ఆధారం), కర్త, కరణాలు (సాధనాలు), చేష్టలు, చివరగా దైవం. దైవాన్ని కాదనలేదు, కానీ దాని స్థానం ఐదోది. తక్కిన నాలుగూ చూసుకున్నాకే దాని ప్రస్తావన రావాలి.

నెల్లూరు దగ్గరి ఓడరేవు కృష్ణపట్నం తీరంలో ఈ నాలుగింటి బరువు తెలుస్తుంది. 2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణం ప్రకారం నెల్లూరు మూడో భూకంప జోన్‌లో ఉంది. ఉత్తరాన ఒంగోలు ప్రాంతం 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో కంపించింది. ఓడరేవుకు దగ్గరలో నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లతో పనిచేస్తోంది. అలాంటి కేంద్రంలో గోడలు చెక్కుచెదరకపోయినా కంట్రోల్ రూమ్ ప్యానెల్ ఒరిగితే, బ్యాటరీల స్టాండు పడితే, పైపు జాయింటు విడిపోతే చాలు, కరెంటు ఆగిపోతుంది. నేల ఊపు పై అంతస్తులకు వెళ్లేకొద్దీ సాధారణంగా పెరుగుతుంది. ప్యానెల్ సహజంగా ఊగే వేగంతో అది కలిసిందంటే మరీ ఉధృతమవుతుంది.

క్రియాశీల కంపన నియంత్రణ అనే పద్ధతి ఆ ఊపుకు ఎదురు నిలుస్తుంది. ప్యానెల్ కింది వేదికకు అమర్చిన సెన్సర్ కదలికను పసిగడుతుంది, కంప్యూటర్ లెక్క కడుతుంది, యాక్చుయేటర్ వేదికను ఎదురు దిశలో నెడుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగియాలి. భవనం మొత్తానికి ఈ పద్ధతిని 1989లో టోక్యోలోని 11 అంతస్తుల క్యోబాషి సెయ్‌వా భవనంలో వాడారు. దీనికి కరెంటు కావాలి, భూకంపంలో ముందు పోయేది తరచు కరెంటే. విద్యుత్ కేంద్రమైనా ట్రిప్ అయితే బ్యాటరీలే దిక్కు. పైగా స్పందన సగం ఊపుకాలం ఆలస్యమైతే, ఆపవలసిన బలమే ఊపుకు తోడై మరింత ఊపుతుంది.

అప్పుడు కర్త ఎవరు? యంత్రం కరణం మాత్రమే. దానికి సంకల్పం లేదు. ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోని డిజైనరు, బ్యాటరీలను పరీక్షించని యాజమాన్యం, చూడకుండా సంతకం పెట్టిన అధికారి కర్తలు. యంత్రం సొంతంగా స్పందించినంత మాత్రాన వారి బాధ్యత తగ్గదు, ముందే తీసుకోవలసిన బాధ్యత కనుక పెరుగుతుంది కూడా.

కరెంటు అక్కర్లేని దారులూ ఉన్నాయి. 2001 గుజరాత్ భూకంపంలో కూలిన భుజ్ ఆస్పత్రిని సీసం, రబ్బరు బేరింగుల మీద తిరిగి కట్టారు. కృష్ణపట్నం లాంటి చోట ముందు ప్రతి ప్యానెల్‌నూ నేలకు బోల్టులతో బిగించాలి, తర్వాత బేరింగులు, ఆ పైన మరీ సున్నితమైన పరికరాలకే క్రియాశీల నియంత్రణ. బోల్టు బిగించని ప్యానెల్ పడిపోతే అందులో దైవం వంతు ఏమీ లేదు.