చవుక సోఫా - నిజమైన గుడ్డ

తక్కువ వెలకు కొన్న సోఫాను గొప్పదిగా కనుపింపజేయుట మోసమగునా? రెగ్జినును తోలుగా, చవుక కఱ్ఱను టేకుగా చూపుట అతిథితో అబద్ధమాడుటయే. కాని శుభ్రమైన గుడ్డ పరచుట అట్టిది కాదు. అది పేదతనమును దాచదు, ఇంటివారి శ్రద్ధను తెలుపును.

పూర్వపు నల్లగొండ జిల్లాలో, 1951లో భూదానోద్యమము పుట్టిన పోచంపల్లిలో, నేతగాండ్రు నూలును మగ్గమెక్కింపకముందే ముడులు కట్టి రంగులో ముంచుదురు. ముడి క్రింద రంగంటదు. నూలునకే రంగు పట్టుటచే గుడ్డకు రెండు వైపులను ఒకటే చిత్రము. దాని అంచులు మాత్రము కొంచెము చెదరియుండును.

మేమును ఒకప్పుడు అంగడిలో దాని అచ్చు నకలును కొని, నాలుగు డబ్బులు మిగిలినవని సంతసించితిమి. ఒకనాడు సోఫాపై దాని మూల తిరుగబడగా వెనుకవైపు వెలవెలబోవుచుండెను. మిగిలిన డబ్బు మాది కాదు, నేతగాని కూలి యని అప్పుడు తోచెను.

కావున సోదరీమణులారా, అప్పు చేసి క్రొత్త సోఫా కొనవలదు. పెట్టె యడుగున నున్న నారాయణపేట పాతచీరను దిండ్లకు గలీబులుగా కుట్టుడు. వీలైనప్పుడు మగ్గపుగుడ్డ నొకటి కొని పరువుడు. సోఫా చవుకదైన నేమి? గుడ్డను తిరుగవేసి చూపుటకు సిగ్గుపడకున్న చాలును.