పణంగా పెట్టే హక్కు ఎవరిది?

జూదంలో ఓడిపోయావు, సభకు రమ్మని దుర్యోధనుడు తన సేవకుడు ప్రాతికామిని పంపితే ద్రౌపది వెంటనే కదలలేదు. ధర్మరాజు ముందుగా ఓడింది తన్నా, నన్నా, కనుక్కొని రమ్మని అతన్ని వెనక్కి పంపింది. తానే దాసుడైపోయినవాడికి మరొకరిని ఒడ్డే అధికారం ఎక్కడిదని ఆమె ప్రశ్న. ధర్మం సూక్ష్మమైనదంటూ భీష్ముడు తేల్చకుండా వదిలేశాడు. కౌరవుల్లో వికర్ణుడు మాత్రం లేచి, ఆమె ఓడినట్టు కాదని వాదించాడు. అతను చూపిన కారణాల్లో ఒకటి: ఆమె ఐదుగురికీ భార్య, ఒక్కడే ఎలా ఒడ్డుతాడు?

దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల దగ్గర కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే. కానీ మన దగ్గర చర్చ ఎక్కువగా సార్వభౌమత్వం పోయిందా, ఉందా అన్నచోటే ఆగిపోతుంది. 1991 చివర్లో ప్రపంచ వాణిజ్య ఒప్పందానికి డంకెల్ ముసాయిదా వచ్చినప్పుడూ అంతే జరిగింది. ఆ సార్వభౌమత్వ ప్రశ్నకు అంతర్జాతీయ న్యాయం దగ్గర జవాబు ఏనాడో సిద్ధంగా ఉంది. తన భూభాగంలోని కీల్ కాలువలోంచి వింబుల్డన్ అనే ఓడను జర్మనీ వెళ్లనివ్వలేదు. కాలువను అన్ని దేశాలకూ తెరిచి ఉంచుతానని అది మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి వెర్సై ఒప్పందంలో మాటిచ్చి ఉంది. మాట ఇవ్వగలగడం సార్వభౌమత్వానికి లోటు కాదు, దాని లక్షణమేనని 1923లో హేగ్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ మాట యుద్ధంలో ఓడిన దేశం చేత ఇప్పించిన మాట అన్న సంగతికి ఆ సూత్రంలో చోటు దొరకలేదు.

మాట తప్పకూడదనడంలో తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హరిశ్చంద్ర నాటకం ఊరూరా ఆడింది ఇక్కడే. అయితే మాట నిలబెట్టుకోవడం గొప్పదైనంత మాత్రాన, ఆ మాట ఎవరి తరఫున ఇచ్చారన్న ప్రశ్న పక్కకు పోదు.

పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1994 ఏప్రిల్ 15న, మరకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థను ఏర్పరచిన ఒప్పందాలపై భారత్ సంతకం చేసింది. వాటిలోని వ్యవసాయ ఒప్పందం ప్రకారం వర్ధమాన దేశం ఏ పంటకైనా ఇచ్చే మద్దతు ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటకూడదు. మెలిక లెక్క కట్టే తీరులో ఉంది. ప్రభుత్వం ఇప్పుడు ఇచ్చే మద్దతు ధరను ఇప్పటి బజారు ధరతో పోల్చరు. 1986–88 నాటి ధరతో పోలుస్తారు. మధ్యలో పెరిగిన ధరలను దానంతటదే సర్దే ఏర్పాటు లేదు. ఆ తేడా అంతా సబ్సిడీ ఖాతాలో పడుతుంది. మరోవైపు, ఆ రోజుల్లో భారీగా సబ్సిడీలిచ్చిన సంపన్న దేశాలు కొంత తగ్గించుకుంటే చాలు, మిగతాది కొనసాగించుకోవచ్చు. అలా అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్ల వరకు అనుమతి మిగిలింది. అప్పట్లో ఇవ్వలేని పేద దేశాలకు ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు కొనుగోలు కేంద్రానికి వద్దాం. కల్లంలో వడ్లు ఆరబోసి, మబ్బు పడితే పరదాలు కప్పి, రైతు తన వంతు కోసం రోజుల తరబడి కాచుకుంటాడు. తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబెట్టుకోవాలి. తాలు ఉందని, తరుగు అని బస్తాకు కొంత కోత పడుతుంది. ఇన్ని దాటుకుని కాంటా మీదికి ఎక్కిన ఆ బస్తాయే జెనీవాలోని ఆ సంస్థ లెక్కలో వాణిజ్యాన్ని వక్రీకరించే సబ్సిడీ. 2018–19లో వరి విలువ 4,367 కోట్ల డాలర్లు, ఇచ్చిన మద్దతు 500 కోట్ల డాలర్లు అని భారతే ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేసింది. పరిమితి దాటింది. 2013లో బాలి సమావేశంలో సంపాదించి, 2014లో పట్టుబట్టి గడువు లేకుండా చేయించుకున్న శాంతి నిబంధన ఉండబట్టి మనమీద ఎవరూ కేసు వేయలేకపోయారు. దాని స్థానంలో 2017కల్లా రావాల్సిన శాశ్వత పరిష్కారం 2024లో అబుదాబి సమావేశంలోనూ రాలేదు.

1986లో ఇంకా పుట్టని రైతు నేడు ఆ ధరకు కట్టుబడి ఉన్నాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న ధర్మశాస్త్రాలే జూదానికీ తాగుడుకీ చేసిన అప్పు తీర్చనక్కర్లేదన్నాయి. అంటే వారసత్వంగా వచ్చిన ప్రతి బాధ్యతా ఒకే బరువుది కాదని, అది ఎందుకు, ఎవరి మేలు కోసం చేసిందో చూడాలని ఆ శాస్త్రాలు ఒప్పుకున్నాయి. మన ఒప్పందాలకు అలాంటి పరీక్ష ఏదీ లేదు.

అలాగని ఒప్పందాలే వద్దనడం పొరపాటు. బలహీనుడు బలవంతుణ్ని ఎదుర్కోగలిగేది ధర్మం ఆసరాతోనేనని బృహదారణ్యకోపనిషత్తు అంటుంది. చిన్న దేశాలకు వాణిజ్య నియమాలు అలాంటి ఆసరా కావాలి. లక్ష జనాభా కూడా లేని ఆంటిగ్వా–బార్బుడా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆన్‌లైన్ జూదం వివాదంలో అమెరికా మీద గెలిచింది కూడా. 2007లో ఏటా 2.1 కోట్ల డాలర్ల మేరకు ప్రతిచర్యకు అనుమతి వచ్చింది. అమెరికా చట్టం మాత్రం మారలేదు. 2019 డిసెంబర్ నుంచైతే ఆ సంస్థలో అప్పీళ్లు వినడానికి చాలినంత మంది సభ్యులే లేరు. కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ వచ్చింది. నియమం చిన్నవాణ్ని కట్టేసి పెద్దవాణ్ని వదిలేస్తే అది ఉపనిషత్తు చెప్పిన ధర్మం కాదు.

ఇక మన ఇంటి సంగతి. మన రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. అయినా విదేశాలతో ఒప్పందం కేంద్ర ప్రభుత్వం చేస్తుంది, పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అమలు కోసం రాష్ట్రాల విషయాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణం చెబుతుంది. ఐదుగురిదైనదాన్ని ఒక్కడు ఒడ్డాడన్న వికర్ణుడి అభ్యంతరం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

వేరే దారి లేకపోలేదు. 2016 అక్టోబర్‌లో బెల్జియంలోని వలోనియా, 36 లక్షల జనాభా ఉన్న ప్రాంతం, కెనడాతో యూరోపియన్ యూనియన్ చేసుకోబోయిన ఒప్పందాన్ని ఆపేసింది. రైతుల గురించి, ప్రభుత్వాల మీద విదేశీ కంపెనీలు దావా వేసే న్యాయపీఠాల గురించి హామీలు రాయించుకున్నాకే ఒప్పుకుంది. ఆ న్యాయపీఠాల సంగతి యూనియన్ అత్యున్నత న్యాయస్థానానికి నివేదించేలా చేసింది కూడా. వలోనియాకు దాదాపు పదింతల జనాభా ఉన్న తెలంగాణకు, అంతకంటే పెద్దదైన ఆంధ్రప్రదేశ్‌కు, వరి గురించి రాసే ఒప్పందాన్ని సంతకానికి ముందు తమ శాసనసభల్లో చర్చించి అభ్యంతరం చెప్పే హక్కు ఉండాలి.