అయినవాళ్ల మధ్య లెక్కలెందుకు?

"మనలో మనకు లెక్కలేమిటి?"

ఈ మాట మన ఇళ్లలో తరచూ వింటుంటాం. కొడుకు తండ్రి దుకాణంలో కూర్చున్నప్పుడు, తమ్ముడు అన్న వ్యాపారంలో డబ్బు పెట్టినప్పుడు, భార్య తన నగలు అమ్మి భర్త చేతికిచ్చినప్పుడు ఈ మాటే వినబడుతుంది. అందులో ఎంతో ఆత్మీయత ఉన్నట్లు తోస్తుంది. కాని ఇరవై ఏళ్లు గడిచాక అన్నదమ్ములను కోర్టు మెట్లెక్కించేది కూడా చాలాసార్లు ఈ మాటే. మరి అయినవాళ్ల మధ్య లెక్క రాసుకోవడం అపనమ్మకమా? రాసుకోకపోవడమే ప్రేమా?

ఒక ఇంటి సంగతి ఊహించండి. తండ్రికి చిన్న బట్టల కొట్టు ఉంది. పెద్దకొడుకు పదో తరగతితో చదువు ఆపి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. చిన్నవాడు చదువుకుని గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. పాతికేళ్లలో చిన్న కొట్టు రెండంతస్తుల దుకాణమైంది. తండ్రి కన్నుమూశాడు. "ఇదంతా నా చెమట" అంటాడు పెద్దవాడు. "కొట్టు నాన్నది" అంటాడు చిన్నవాడు. అక్కచెల్లెళ్లు నోరు విప్పితే, "మీ పెళ్లిళ్లకు ఖర్చు చేశాం కదా!" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

పెద్దవాడిది దురాశ అని తేలిగ్గా అనేయగలమా? అతను నిజంగానే కష్టపడ్డాడు. చిన్నవాడు చెప్పేదీ అబద్ధం కాదు. చిక్కు ఎక్కడుందంటే, ఆ పాతికేళ్ల కష్టం ఏ లెక్కలోకి వస్తుందో ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

షరీఅత్ ప్రకారం తండ్రి బతికుండగా ఆయన ఆస్తిలో కొడుక్కి పుట్టుకతో వాటా రాదు. తండ్రి మరణించాక ఆయన విడిచి వెళ్లినది వారసులందరిదీ. కాబట్టి కొడుకు శ్రమ మూడింటిలో ఏదో ఒకటి కావాలి. అది తండ్రికి చేసిన సేవ అయితే దాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది, దుకాణం మాత్రం తండ్రిదే. జీతానికి చేసిన పని అయితే, ఇవ్వకుండా మిగిలిన జీతం తండ్రి మీద అప్పు. ఆస్తి పంచడానికి ముందే దాన్ని తీర్చాలి. భాగస్వామ్యం అయితే కొడుకు వాటా అసలు వారసత్వంలోకే రాదు. తండ్రి జీవితకాలంలో ఒక్క మాట చెప్పి, ఇద్దరు సాక్షుల ముందు రాయించి ఉంటే సరిపోయేది. ఇక ఆడపిల్లల సంగతి. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా నిర్ణయమై ఉందని ఖుర్ఆన్ (4:7) ప్రకటించింది. పెళ్లి ఖర్చు చూపించి ఆ వాటాను ఎవరూ రద్దు చేయలేరు.

భార్య కష్టం ఎవరిది?

హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గాజులకు ఎందరో స్త్రీలు ఇళ్లలో కూర్చొని రాళ్లు అతుకుతారు. దుకాణం బోర్డు మీద పేరు మగవారిదే. భార్య సంతోషంగా సాయం చేస్తే అది మేలే. అయితే ఆమెను ఎన్నడూ అడగకుండానే 'సంతోషంగా చేస్తోంది' అనుకోవడం న్యాయమేనా?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) సతీమణి జైనబ్ (రజి) తన సొమ్ము భర్త మీద, తన పోషణలో ఉన్న అనాథల మీద ఖర్చు పెట్టేవారు. అది దానం కిందికి వస్తుందా అని అడిగించినప్పుడు, ఆమెకు బంధుత్వ పుణ్యం, దానపుణ్యం రెండూ లభిస్తాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. భార్య సొమ్ము భర్తదే అయితే, అతనికి ఇచ్చినది దానమెలా అవుతుంది? అది ఆమెది కాబట్టే ఆమెకు పుణ్యం దక్కింది. హజ్రత్ ఖదీజా (రజి) కూడా లాభంలో వాటా నిర్ణయించి తన సొమ్ముతో వర్తకం చేయించేవారు. వివాహం తర్వాత ఆ సంపదను ధర్మమార్గంలో ఖర్చు చేశారు. ఇష్టపూర్వకంగా చేశారు కాబట్టే అది త్యాగం అయింది.

లెక్క ముందు, త్యాగం తర్వాత

హజ్రత్ దావూద్ (అలై) వద్దకు వచ్చిన తగాదా సాద్ సూరా (38:23, 24)లో ఉంది. ఒకరికి 99 గొర్రెలు, మరొకరికి ఒక్కటే. ఆ ఒక్కటి కూడా తనకిమ్మని అడిగింది పరాయివాడు కాదు; ఫిర్యాదు చేసినవాడు అతన్ని తన సోదరుడనే పరిచయం చేశాడు. భాగస్థుల్లో చాలామంది ఒకరికొకరు అన్యాయం చేసుకుంటారని, విశ్వసించి మంచి పనులు చేసేవారు మాత్రం అలా చేయరని, అయితే వారు కొద్దిమందేనని అక్కడ హెచ్చరిక ఉంది. అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి బద్ధకించవద్దని బఖరా సూరా (2:282) ఆదేశిస్తోంది. అలా రాసుకుంటే అనుమానాలకు తావుండదని కారణం కూడా చెబుతోంది. అంటే రాత నమ్మకానికి శత్రువు కాదు, కాపలాదారు.

కలిసి వ్యాపారం చేసే కుటుంబాలు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. పెట్టుబడి ఎవరిది? పని చేసేవారికి జీతమా, వాటానా? లాభనష్టాలు ఎలా పంచుకోవాలి? ఇంటి ఖర్చుకు గల్లాలోంచి ఎవరు ఎంత తీసుకోవచ్చు? ఇవి రాసుకున్నాక అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చొని భోంచేయవచ్చు. అన్న తమ్ముడికి తన వాటా వదులుకోవచ్చు. భార్య భర్తను ఆదుకోవచ్చు. తనదని తెలిసిన దాన్నే మనిషి ప్రేమతో ఇవ్వగలడు. తనదేదో తెలియనివ్వకుండా తీసుకుంటే, దానికి ప్రేమ అని పేరు పెట్టినా అది పరుల హక్కే.

ఈ రాత్రే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి. మొదట కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. కాని రేపు మన జనాజా లేచాక మన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూడలేని స్థితి రావడం కన్నా ఆ ఇబ్బంది ఎంతో తేలిక. ఒకరి హక్కు మెడకు చుట్టుకుని తన ముందు నిలబడే దుస్థితి నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.